ఐదొందలకి నూట ఇరవై ఒకటి

బాల్టిమోర్, 1984 అక్టోబర్, శుక్రవారం

పరిశోధనకి గ్రాంట్ వచ్చేసింది! ఇక ఐదేళ్లు నా జీతం నేనే తెచ్చుకుంటాను, ల్యాబులో నేను పెంచే కిడ్నీ కణాలు ఇక నావే. బాస్ ప్రాజెక్టుకి తోకలా వేలాడక్కర్లేదు.

ఇంటికి రాగానే, నేను నోరు తెరిచేలోపే అమ్మ నా చేతిలోని కవరు లాక్కుంది. పైనే, నా దరఖాస్తు చదివిన రివ్యూయర్లు ఇచ్చిన స్కోరు కాగితం ఉంది: 121, పక్కన బ్రాకెట్లో 100–500 అని. ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి కదా, కళ్లజోడు సర్దుకుని, "ఐదొందలకి నూట ఇరవై ఒకటేనా?" అంది. వెంటనే నా తల నిమిరి, "పోనీలేవే, మళ్లీ రాద్దువుగాని. ముందు అన్నం తిను," అంది.

నేను నవ్వాపుకోలేక కుర్చీలో కూలబడ్డాను. "అమ్మా, గ్రాంట్ ఇచ్చేశారు! ఇక్కడ అన్నిటికంటే మంచి స్కోరు వంద. ఐదొందలంటే ఫెయిల్!"

అమ్మ మొహం వెలిగిపోయింది. నా నోట్లో గుప్పెడు చక్కెర పోసింది. పోసి, మళ్లీ కాగితం చూసి, "మరి ఆ పైన ఇరవై ఒకటి ఎందుకొచ్చాయే?" అంది.

దరఖాస్తులో నేను రాసిన మూడో ప్రయోగం వల్ల. దాని ఫలితం తేలకపోవచ్చని రివ్యూయర్లూ రాశారు, నా భయమూ అదే. కణమంటే ఏమిటో ఏనాడూ అడగని అమ్మ సరిగ్గా అక్కడే, తప్పు చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టినట్టు, వేలు పెట్టింది.