నాన్న పనిముట్ల పెట్టె

ఝపటాపూర్, ఖరగ్‌పూర్
ఆగస్టు 4

నాన్నా,

నీ మీనా రాస్తున్నాను. అమ్మా నేనూ బాగానే ఉన్నాం. నూకాలమ్మత్త కాలి కట్టు విప్పారా? లేచి నాలుగు అడుగులు వేస్తోందా? ఫోన్ చేద్దామంటే నీకు వినబడదు. అత్తకి చేస్తే తన కాలి సంగతి వదిలేసి నా పెళ్లి సంగతి ఎత్తుకుంటుంది. మెసేజ్ పెడితే, అది ఎంత పెద్దదైనా సరే, నువ్వు ‘ఠీక్ హై’ అని ఒక్క ముక్క కొట్టి ఊరుకుంటావు. ఇప్పుడు చెప్పబోయేదానికి ఠీక్ హై సరిపోదు. అందుకే ఉత్తరం. చిన్నప్పుడు నాచేత రోజుకో పేజీ తెలుగు రాయించి, బెంగాలీ వాసన తగిలిన ప్రతి మాట కిందా ఎర్ర గీత గీసేవాడివి కదా, దీనికీ గీసుకో. కానీ చివరిదాకా చదివాకే గీసుకో.

డొంకతిరుగుడుగా చెప్పడం నాకు రాదు. నేను బీకాం చదవడం లేదు నాన్నా. మొదటి సెమిస్టర్ పరీక్షలు రాసి మానేశాను. ఆ తర్వాత రెండేళ్లు ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చదివి పాసయ్యాను. నువ్వు ముప్పై ఆరేళ్లు పనిచేసిన రైల్వే వర్క్‌షాపులోనే అప్రెంటిస్‌గా నా పేరు వచ్చింది. సెప్టెంబర్ ఒకటి, సోమవారం, చేరాలి. ఇంత రాసినా అక్షరాలు వంకర పోలేదు, చూడు.

ఇన్నాళ్లూ నీ ఎదురుగానే అబద్ధం ఆడాను. రోజూ పొద్దున్న చేతిలో కాలేజీ పుస్తకం పట్టుకుని బయల్దేరేదాన్ని. సంచి అడుగున ఐటీఐ నీలం కోటు ఉండేది. అమ్మకి ఆరు నెలల్లోనే తెలిసిపోయింది. బట్టలు ఉతికిన బకెట్ అడుగున ఇనప రజను కనబడితే ఇంక దాచేదేముంది? నీ దుస్తుల్లో పాతికేళ్లు చూసిన రజను అది. అమ్మ అరవలేదు, కొట్టలేదు. “నాను సెప్పనే. నీ బాబుకి నువ్వే సెప్పుకో,” అంది. అప్పట్నుంచి ఈ రోజు దాకా ఆ మాట మోస్తూనే ఉన్నాను. నీ ముందు కూర్చుని నోరు విప్పిన ప్రతిసారీ గోడ గడియారం పక్కన నువ్వు కొట్టిన మేకు కనబడేది. నా పట్టా ఫొటో కోసం కొట్టావు. మన ఇంట్లో మొదటి డిగ్రీ అని గోల్‌బజార్‌లో కూరగాయలమ్మే దీదీకి కూడా చెప్పావు. ఆ మేకుకి ప్రస్తుతం అమ్మ కేలండర్ తగిలించింది.

ఎందుకు మానేశావని అడుగుతావు. కాలేజీ చెడ్డదనీ, డిగ్రీ దండగనీ నేను అనడం లేదు. నాకు అది పడలేదు, అంతే. ఆ క్లాసులో కూర్చుంటే గడియారం ముల్లు కదిలేది కాదు. ఇనుము బిగించే వైస్ ముందు నిలబడి ఆకురాయి పట్టుకుంటే తిండి గంట కొట్టినా తెలిసేది కాదు. ఈ జబ్బు నాకు అంటించింది కూడా నువ్వే. నాకు తొమ్మిదేళ్లప్పుడు విశ్వకర్మ పూజకి వర్క్‌షాపు గేట్లు అందరికీ తెరిస్తే నన్ను రైలు చక్రాలు బాగుచేసే వీల్ షాపులోకి తీసుకెళ్లావు, గుర్తుందా? అందరూ పందిట్లో లడ్డూలు తింటుంటే నువ్వు నన్ను తిరుగుతున్న చక్రం దగ్గరికి తీసుకెళ్లి, ఒక ఇనప కడ్డీ కొస బేరింగు మీద ఆనించి రెండో కొస నా చెవి దగ్గర పెట్టావు. “ఏటమ్మా సిట్టీ, ఇనిపించిందా? బియ్యం కడిగినట్టుంటే మంచిది. గులకరాళ్లు దొర్లినట్టుంటే సెడిపోయింది,” అన్నావు. నాకు బియ్యం వినిపించింది. ఆ వయసు పిల్లలు ఏమేమో అవుదామనుకుంటారు. నేను ఆ చప్పుడు దగ్గరే ఆగిపోయాను.

అప్రెంటిస్ అంటే ఏడాదే అనీ, అది అయ్యాక రైల్వే ఉద్యోగం ఇచ్చి తీరతారన్న హామీ లేదనీ నాకు తెలుసు. రాకపోతే ఇంకో కార్ఖానా చూసుకుంటాను. చేతికి వచ్చిన పని ఎవరూ వెనక్కి తీసుకోలేరు కదా. అందుకని నాన్నా, చేరనా అని అడగడం లేదు. చేరుతున్నాను అని చెబుతున్నాను. అడిగేది ఒక్కటే. మంచం కింద ఉన్న నీ పచ్చరంగు పనిముట్ల పెట్టె తాళం పంపించు. షాపులో పనిముట్లు వాళ్లే ఇస్తారు, అయినా మొదటి రోజు నీ మూలమట్టం ఒక్కటైనా నా చేతిలో ఉండాలని నా కోరిక. తాళం పంపితే, నువ్వు ఒప్పుకున్నావని అనుకుంటాను.

నీ కూతురు,
మీనాకుమారి


సోంపేట
ఆగస్టు 11

మీనాకి,

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. ఎర్ర గీత గీయాల్సిన చోటు లేదు.

అత్త కట్టు విప్పారు. కర్ర పట్టుకుని పెరట్లోకి వెళ్తోంది. ఇంకో రెండు వారాలు నేను ఇక్కడ ఉండాలి.

నువ్వు ఆ షాపులోకి వెళ్లడం నాకు ఇష్టం లేదు. కారణం అడగవద్దు. డిగ్రీ మళ్లీ మొదలుపెట్టు. ఆలస్యమైనా ఫర్వాలేదు. ఫ్యాను కింద కూర్చుని చేసే పని చూసుకో. నేను పడింది చాలు.

తాళంచెవి పంపను. తాళం విరగ్గొట్టి తీసుకుంటానంటే నీ ఇష్టం. అంతదూరం నుంచి నేను ఆపలేను.

నాన్న,
గోవిందరావు


ఝపటాపూర్
ఆగస్టు 17

నాన్నా,

నీ ఉత్తరం చదివి మొదట ఏడ్చాను. తర్వాత కోపం వచ్చింది. కోపంలోనే పెట్టె బయటికి లాగాను. ఆ తాళం తీయడానికి నాకు విరగ్గొట్టాల్సిన అవసరం లేదు. రంపం బ్లేడు ముక్క చాలు, అయిదు నిమిషాల పని. నీ పేరు మొదటి అక్షరం తెల్లరంగుతో రాసి ఉందే, దాని మీద దుమ్ము తుడిచి పెట్టెని మళ్లీ మంచం కిందకే తోసేశాను. నువ్వు ఇస్తేనే నాకు ఆ పెట్టె కావాలి.

కారణం అడగవద్దన్నావు. సరే, అడగను. నాకు తోచినవి చెబుతాను. ఆడపిల్ల గ్రీజు పూసుకుని ఇంటికొస్తే నలుగురూ ఏమనుకుంటారన్నదా? ఐటీఐలో మా బ్యాచ్‌లో అమ్మాయిలం నలుగురం. పక్కింటి రెబెక్కా ఆంటీ కూతురు ఎవాంజలిన్ వెల్డింగు చేస్తోంది. ఆంటీ చర్చిలో అందరికీ చెప్పుకుని మురిసిపోతోంది. లేకపోతే నువ్వు చేసిన పని అంటే నీకే చిన్నతనమా? ఇది నిజమైతే మాత్రం నాకు బాధ నాన్నా. చిన్నప్పట్నుంచి నువ్వు నిమ్‌పురా రోడ్డు మీద సైకిలు తొక్కుకుంటూ వస్తుంటే, దూరం నుంచి ఆ నీలం చొక్కా చూసి ఎదురు పరిగెత్తినదాన్ని నేను.

ఇంకొక్కటి చెబుతాను, ఇది నీకు తెలియాలి. చివరి పరీక్షలో రెండు ఇనప ముక్కలు ఇచ్చి, ఒకదానిలో ఒకటి కూర్చునేలా ఆకురాయితో అరగదీయమన్నారు. మధ్యలోంచి వెలుతురు కనబడకూడదు. రెండు రోజులు పట్టింది. మా ఇన్‌స్ట్రక్టర్ దాదా వాటిని కిటికీకి ఎత్తి పట్టుకుని చూశాడు. వెలుతురు రాలేదు. మార్కులు వేయకుండా అంచులు వేలితో తడిమాడు. ముక్క అయిపోయాక అంచు వేలికి కోసుకోకుండా నలుపక్కలా ఆకురాయితో ఒక్కొక్క దెబ్బ మెల్లగా లాగుతావే, అది నేనూ లాగాను. నాకు చేసిపెట్టిన రేకు పెన్సిలు పెట్టెకి నువ్వు లాగుతుంటే చూసి నేర్చుకున్నదే. ఇది నీకు ఎవరు నేర్పారని హిందీలో అడిగాడు. మా నాన్న, వీల్ షాపు గోవిందరావు అని చెప్పాను. ఆయన తన అప్రెంటిస్ రోజుల్లో నీ కింద పనిచేశాడట. కుర్చీలోంచి లేచి నిలబడి ఆ ముక్కలు నా చేతికి ఇచ్చాడు. బీకాంలో నాకు ఎన్ని మార్కులు వచ్చినా నిన్ను తలుచుకుని ఎవరూ లేచి నిలబడరు.

ఒకటో తారీఖు సోమవారం నేను చేరతాను. నీ పెట్టె లేకుండానే చేరతాను. నీకు కోపం తగ్గేదాకా రోజూ సాయంత్రం నీ ఎదురుగా కూర్చుంటాను. నువ్వు మాట్లాడకపోయినా కూర్చుంటాను. ఈ మొండితనం ఎవరిదో అమ్మని అడిగితే చెబుతుంది.

నీ,
మీనా


సోంపేట
ఆగస్టు 23

అమ్మా మీనా,

కారణం అడగవద్దన్నాను. నువ్వు అడగలేదు, నీకు తోచినవి రాశావు. ఆ రెండూ తప్పు. నాలుగు రోజులుగా అవే నన్ను తింటున్నాయి. అందుకని చెప్పేస్తున్నాను.

ముందు నీ అబద్ధం సంగతి. నాకు తెలుసు. పోయినేడు నా కంటి ఆపరేషన్ అయినప్పుడు రోజూ నువ్వే కదా చుక్కలు వేశావు. ఒకరోజు నీ అరచెయ్యి నా బుగ్గకి ఆనింది. కుడి అరచేతి మధ్యలో కాయ. ఆకురాయి పిడి ఆనే చోటు అది. కాలేజీకి వెళ్లే పిల్లకి అక్కడ కాయ కట్టదు. అది నా చేతిలో ముప్పై ఆరేళ్లు ఉంది, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. నీ సంచి వెతకలేదు, అమ్మని అడగలేదు. నువ్వే చెబుతావని చూశాను. నాలుగు రోజులు పోతే విసుగొచ్చి మానేస్తావనీ అనుకున్నాను. మానలేదు. కాయ ఇంకా గట్టిపడింది. లోలోపల ఎంత పొంగిపోయానో, అంత భయపడ్డాను.

భయం దేనికో విను. నా చెవులు వయసు వల్ల పోలేదు. మీ అందరికీ అలాగే చెప్పాను. అది నా అబద్ధం. వీల్ షాపులో మా బ్యాచ్‌కి ఒక పొగరు ఉండేది. చెవి పెట్టి బేరింగు చెడిందో లేదో చెప్పగలిగినవాడే ఫిట్టరు, చెవులు మూసుకున్నవాడు ఫిట్టరు కాడు. గవర్నమెంటు వాళ్లు ఇయర్ మఫ్‌లు ఇచ్చారు. సంతకం పెట్టి తీసుకున్నాం. సేఫ్టీ సార్ వచ్చినప్పుడు తగిలించుకుని, ఆయన గేటు దాటగానే తీసేసేవాళ్లం. మాలో అనిల్ కుమార్ ఒక్కడే రోజంతా పెట్టుకునేవాడు. ముసుగేసుకున్న పెళ్లికూతురని, దుల్హన్ అని వాడిని ఏడిపించేవాళ్లం. ఆ పేరు పెట్టింది నేనే.

తర్వాత ఒక్కొక్క చప్పుడే పోయింది. మొదట పిట్టలు, ఆ తర్వాత ప్రెషర్ కుక్కరు, ఆ తర్వాత ఫోను. చివరి ఆరేళ్లూ నాకు బేరింగు చప్పుడు వినబడలేదు మీనా. మెడికల్ పరీక్షలో పనికిరానని పంపేస్తారని ఎవరికీ చెప్పలేదు. కడ్డీ చెవి దగ్గర పెట్టుకున్నట్టు నటించి, పట్టుకున్న వేళ్లకి తెలిసే అదురుని బట్టి చెప్పేవాణ్ని. నీకు బియ్యం వినిపించిన ఆ రోజుకే నాకు సగం పోయాయి. నీకు బాగా వినబడుతోందో లేదో చూద్దామనే పెట్టాను. ఒకరోజు నా వెనక క్రేను చక్రాల జత మోసుకొస్తూ హారన్ కొట్టింది. నాకు వినబడలేదు. అనిల్ పరిగెత్తుకొచ్చి కాలరు పట్టుకుని లాగాడు. నేను దుల్హన్ అని వెక్కిరించినవాడు, అన్నేళ్లూ చెవులు మూసుకున్నవాడు, వాడికి వినబడింది. “ఏటి బావా, ఇనబడలేదా?” అని చెవిలో అరిచాడు. వాడి గొంతులో నేను విన్న ఆఖరి మాట అదే. వాడు మాత్రం ఎక్కడా చెప్పలేదు.

నీ గొంతు నాకు పదో తరగతి దాకా గుర్తుంది. ఇప్పుడు ఎలా ఉంటుందో తెలియదు. నువ్వు మాట్లాడుతుంటే పెదాలు చూసి, ఆ పాత గొంతే వాటికి తగిలించుకుంటాను. అందుకే వద్దన్నాను. నువ్వు ఆడపిల్లవని కాదు, ఆ పని చిన్నదని కాదు. ఆ పని అంటే నాకు ప్రాణం. నీ రెండు ఇనప ముక్కల మధ్య వెలుతురు రాలేదని చదివి, వాటిని చూపించమని అడగడానికి మొహం చెల్లక ఆ రోజంతా ఊళ్లో తిరిగాను.

తాళం ఈ కవర్లోనే ఉంది. పెట్టె పై అరలో మూలమట్టం, ఆకురాళ్లు ఉంటాయి. తీసుకో. కింది అర తీస్తే ప్లాస్టిక్ కవర్లో నా ఇయర్ మఫ్‌లు ఉంటాయి. అవి ఆఖరిసారి ఇచ్చిన జత, కవరు సీలు కూడా విప్పలేదు. ఇన్నేళ్లకి లోపలి స్పాంజి పొడిపొడి అయి ఉంటుంది, అవి పెట్టుకోకు. ఒకసారి చూసి అక్కడే పెట్టు. నీకు కొత్తవి ఇస్తారు. ఎవరేం పేరు పెట్టి పిలిచినా తీయకు. అందరికంటే ముందు నువ్వు పెట్టుకో, నీ వెనక చేరిన వాళ్లచేత పెట్టించు. కడ్డీ కూడా ఆ అరలోనే ఉంది. దాన్ని చెవికి కాదు, వేళ్లకి అలవాటు చేసుకో. ఎలాగో నేను చూపిస్తాను.

ముప్పై ఒకటో తారీఖు ఆదివారం ఖరగ్‌పూర్‌లో దిగుతాను. అనిల్‌కి మెసేజ్ పెట్టాను, స్టేషనుకి వస్తానన్నాడు. వాడికి నేను చెప్పాల్సిన మాట ఒకటి బాకీ ఉంది. సోమవారం పొద్దున్న నీతోపాటు గేటు దాకా వస్తాను. అమ్మని ఆ మేకు నుంచి కేలండర్ తీసేయమను, నీ కోటు తగిలించుకోవాలి.

సాయంత్రం వచ్చాక నా ఎదురుగా ఊరికే కూర్చుంటే కుదరదు. ఆ రోజు షాపులో నువ్వు ఏమేం చప్పుళ్లు విన్నావో ఒక పేజీ తెలుగులో రాసి చూపించాలి. రోజూ రాయాలి. నాకు అవన్నీ వినాలని ఉంది.

మీ నాన్న,
గోవిందరావు
ఫిట్టరు, వీల్ షాపు