చెప్పి వెళ్ళనివ్వండి

టీచరమ్మగారికి,

పిల్లల పెంపకం మీద నేను చదివిన పుస్తకాలు మీ బడి బీరువాలో పట్టవు. అయినా మొదటిరోజు మీరు "తాతగారూ, పాప బొమ్మల్లో పడింది, చప్పుడు చేయకుండా జారుకోండి" అనగానే చెప్పులు చేత్తో పట్టుకుని దొంగలా బయటపడ్డాను. ఈ వయసులో నాతో ఆ పని చేయించారు.

మా మనవరాలు ఇప్పుడు బడిలో ఏడవడం లేదని మీరు మురిసిపోతున్నారు. ఇంట్లో నేను మంచినీళ్ళకి లేచినా "తాతా, పోతున్నావా?" అని చొక్కా పట్టుకుంటోంది. లేదమ్మా అంటే నమ్మడం లేదు.

రేపు నన్ను గదిలోకి రానివ్వండి. "వెళ్ళొస్తానమ్మా, సాయంత్రం వస్తాను" అని దాని మొహం చూసి చెప్పి వెళతాను. ఏడుస్తుంది, ఏడవనివ్వండి. మీరు దాన్ని ఎత్తుకుని కిటికీ దగ్గర నిలబడండి చాలు. నేను గేటు దాటడం అది చూడాలి.

పాప తాతయ్య