దానంతట అదే మొదలయ్యే మోటారు

ఫిబ్రవరి 2, సోమవారం

స్టాఫ్ రూంలో మళ్లీ అదే గొడవ. ఉచిత కరెంటు. లింబాద్రి సార్ పిల్లలకు పాలిటిక్స్ చెప్తాడు, మాతో పాలిటిక్స్ చేస్తాడు. "అంటే రైతు బోరుకు మీటరు పెట్టాలంటారా మేడం?" — అందరి ముందూ, నవ్వుకుంటూ. నేను మీటరు మాటే ఎత్తలేదు. కరెంటు ఉచితంగానే ఇవ్వనీ, భూమిలో నీళ్లు మాత్రం ఉచితం కాదు అన్నాను. అంతే.

ఇంటికొచ్చాక కూడా కోపం దిగలేదు. పొలం దగ్గర మనిషి ఉన్నా లేకున్నా, మడి నిండినా నిండకున్నా, కరెంటు పోయి రాగానే మోటారు దానంతట అదే మొదలవుతుంది. దానికి కారణం స్టార్టర్‌కు తగిలించిన ఒక చిన్న డబ్బా. ఆటో స్టార్టర్. అది తీసేస్తే రైతు నడిచివెళ్లి బటన్ నొక్కాలి. నడవాలంటే, నిజంగా నీళ్లు కావాలా అని ఒక్క క్షణం ఆలోచిస్తాడు. ఎవరి సబ్సిడీ పోదు, ఎవరి కడుపూ కొట్టినట్టు కాదు. ఇంత చిన్న సంగతి చెప్తే ఎందుకంత వెటకారం?

ఎకనామిక్స్ చెప్పి చెప్పి నాకు నోరు ఎక్కువైందట. ఎక్కువే. ఏం చేయమంటారు.

ఫిబ్రవరి 4

అన్న ఫోన్. "గంగారాం బోరు గాలి వోస్తున్నది చెల్లె. మాది గూడ ధార సన్నగయ్యింది. కాలేజీల జెప్పుడు కాదు, గిక్కడికొచ్చి జెప్పు. రైతు వేదికల అందర్ని జమ జేస్త."

గంగారాం పొలానికీ అన్న పొలానికీ మధ్య గట్టు ఒక్కటే. చిన్నప్పుడు మేం ముగ్గురం బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్ల వెనక ఉరికి గడలు గుంజుకున్న వాళ్లం. ఆదివారం చర్చి మానేసి అయినా వెళ్తాను.

ఫిబ్రవరి 8, ఆదివారం

ఇప్పుడే ఊరి నుంచి వచ్చాను. ఒళ్లంతా తేలిగ్గా ఉంది.

రైతు వేదిక నిండింది. ఆడవాళ్లు కూడా వచ్చారు. బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాను — పైన మన బోర్లు వేరువేరు, కింద నీళ్లు ఒక్కటే. ఒకరు ఎక్కువ తోడితే పక్కవాడి బోరు దిగిపోతుంది. కరెంటు వచ్చిన ఆ క్షణమే ఊళ్లో మోటార్లన్నీ ఒక్కసారే లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. డబ్బాలు తీసేద్దాం. అందరం.

వెనక నుంచి ఒక పెద్దాయన లేచాడు. "ఫ్యాక్టరీ బందువెట్టినప్పుడు గూడ సదువుకున్నోళ్లు గిట్లనే అచ్చి మంచిగ లెక్కలు జెప్పిండ్రు బిడ్డా. చెరుకు పాయె, అంత వరి వెట్టుకున్నం. ఇగ గిదిగూడ పోవాల్నా?"

అప్పుడు లేచాడు అన్న. ఏం చెప్పకుండా బయటికి నడిచి బండి స్టార్ట్ చేశాడు. అలిగి పోయాడనుకున్నాను. కాసేపటికి వచ్చాడు, చేతులకు గ్రీజు. డబ్బా తెచ్చి నా ముందు టేబుల్ మీద పెట్టాడు.

"మా చెల్లె జెప్తే నేనే ఇనకుంటే ఇంకెవలింటరు?"

ఇక మొదలైంది. ఒకరి తర్వాత ఒకరు చెయ్యెత్తారు. గంగారాం కూడా. సాయంత్రంలోపు పీకేస్తామని అందరూ మాటిచ్చారు. చప్పట్లు. వదిన కొంగుతో కళ్లొత్తుకుంది, నవ్వుతూనే.

బస్సెక్కేటప్పుడు అన్న ఆ డబ్బాను నా సంచిలో పెట్టాడు. "నీ దగ్గర్నే ఉండనీ. నా కాడ ఉంటే మళ్ల మనసు గుంజుతది."

ఫిబ్రవరి 9

డబ్బా ఫ్రిజ్ మీద. పనిచేసే అక్క అడిగింది ఇదేందని. మా అన్న మాట అన్నాను.

లింబాద్రి సార్‌కు చెప్పాను — కావాలనే, గట్టిగా. "మీరు గెలిచారు మేడం" అన్నాడు. ఈసారి నవ్వలేదు.

ఫిబ్రవరి 19

పేపర్లో మళ్లీ ఫ్యాక్టరీ తెరుస్తారన్న వార్త. ఎన్నిసార్లు చదివాం ఈ వార్త! అన్నకు మాత్రం ప్రతిసారీ కొత్తే. "తెరిస్తే ఒక ఎకరం చెరుకు వెడ్త చెల్లె." చెరుకేమన్నా గాలి తాగి బతుకుతుందా అనబోయి ఊరుకున్నాను. ఏడాదంతా భూమిలో ఉండే పంట. వరికి కూడా నీళ్లే. ఇప్పుడేమో చెరుకు నుంచి పెట్రోల్లో కలిపే ఇథనాల్ తీద్దాం, దేశానికి మంచిది అంటున్నారు. మంచిదే. ఆ మంచికి నీళ్లు ఎవరి బోరులోంచి వస్తాయో పెద్ద వ్యాసాలు రాసే వాళ్లెవరూ రాయరు.

నేనూ రాయలేదు. రాయాలి.

ఫ్యాక్టరీ మొలాసిస్ వాసన, ఆ చెరుకు మడ్డి వాసన, గుర్తొచ్చింది ఊరికే. చెరుకు ఆడించే క్రషింగ్ రోజుల్లో బోధన్ బస్టాండులో దిగగానే ముక్కుకు తగిలేది. అప్పుడు చీదరించుకునేదాన్ని.

మార్చి 3

వదిన ఫోన్. గొంతు తగ్గించి మాట్లాడుతోంది. "మీ అన్న కంటినిండ నిద్రవోతలేడు సునందా. కరెంటు పోయిందంటే లేసి కూసుంటడు. అచ్చిందంటే బ్యాటరీ లైటు వట్టుకొని పొలం కాడికి ఉరుకుతడు, స్టార్టర్ వత్తనీకి. ఆయన పోయేదాంక నీళ్లుంటలెవ్వు."

కొన్నాళ్లు ఓపిక పట్టమన్నాను. నీళ్లు మెల్లగా పైకొస్తాయన్నాను. కష్టం అందరిదీ కదా అన్నాను.

"ఏమో మరి" అని పెట్టేసింది.

మార్చి 8, ఆదివారం

చర్చిలో మహిళా దినం. నన్ను మాట్లాడమన్నారు. ఈస్టర్ ముందటి శ్రమకాలం కదా, త్యాగం గురించి అయితే బాగుంటుందన్నారు. మా ఊరి సంగతి చెప్పాను — ఒక ఊరంతా కలిసి తన సుఖాన్ని ఎట్లా వదులుకుందో. చాలామంది చేతులు పట్టుకుని మెచ్చుకున్నారు.

మార్చి 14, శనివారం

రాయాలంటే చెయ్యి రావడం లేదు. రాయాలి.

చెప్పకుండా వెళ్లాను ఊరికి. అన్న పొలం దగ్గర వేపచెట్టు కింద కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. గడ్డం తెల్లగా. నన్ను చూసి లేచి కండువాతో రాయి తుడిచాడు — కూసో అని. వరి పొట్ట దశ దాటి గింజ పాలు పోసుకునే సమయం. కింది మడిలో నెర్రెలు. చెయ్యి పట్టేంత నెర్రెలు.

పిల్లల సంగతులు అడుగుతున్నాను. కరెంటు పోయింది. చుట్టుపక్కల మోటార్ల చప్పుడంతా ఒక్కసారే ఆగింది. కాకి అరుపు వినబడింది. అన్న మాట ఆపి కాళ్లు చెప్పుల్లో దూర్చుకున్నాడు.

మళ్లీ వచ్చింది.

పక్కన గంగారాం మోటారు లేచింది. దానవతల ఇంకొకటి. కాలువ అవతల. వెనక. ఒక్క నిమిషంలో మళ్లీ చుట్టూ చప్పుడే. పొలాల్లో ఒక్క మనిషి లేడు. నడిచినవాడు లేడు, బటన్ నొక్కినవాడు లేడు. మా అన్న ఒక్కడే గట్టు మీద తలవంచుకుని స్టార్టర్ వైపు నడుస్తున్నాడు.

వెనకాలే పరిగెత్తాను. ఎప్పుడు తెలిసింది నీకు?

"రెండో దినమే ఎర్కైంది."

నాకెందుకు చెప్పలేదు?

బటన్ నొక్కాడు. మోటారు ముక్కుతూ లేచింది. పైపులోంచి ముందు గాలి, తర్వాత వేలెడు ధార. అది చూస్తూ అన్నాడు — "గంత మందిల జెప్తివి. మల్ల నీ ముఖం ఎట్ల వెట్టుకుంటవ్ అని."

నా ముఖం! నా ముఖం కోసం ఈ మనిషి నెల రోజుల నుంచి పంట ఎండబెట్టుకుంటున్నాడు.

తిరిగొస్తుంటే గంగారాం ఎదురు. "బాగున్నవా చెల్లె" అని అడిగి నా కాళ్ల వైపు చూస్తున్నాడు. నోటికొచ్చింది అనేదాన్నే. అన్న నా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఊకో. ఆనికి గూడ పిల్లలున్నరు."

మార్చి 15

చర్చికి పోలేదు. ఏ ముఖంతో పోను?

నా మాట తప్పా? కాదు. ఇవాళ అడిగినా అదే చెప్తాను. అందరూ ఆపితే నీళ్లు నిలుస్తాయి. కానీ ఒక్కడు ఆపితే? నిలవవు. ఆ నీళ్లు పక్కవాడి బోరులోకి పోతాయి. నీతి పాటించినవాడి నీళ్లతో పాటించనివాడి మడి పచ్చబడుతుంది. ఇది నేను ఏటా రెండో సంవత్సరం పిల్లలకు చెప్పే పాఠమే. ఊరందరిదీ అయిన చెరువు, అందులో చేపలు — అని ఉదాహరణ చెప్పి, మరి కాపలా ఎవరు అని ప్రశ్న ఇస్తాను. మంచి జవాబు రాసినవాళ్లకు మంచి మార్కులు కూడా వేస్తాను. ఆ రోజు రైతు వేదికలో కాపలా మాట నా నోట రాలేదు. చప్పట్లు వినబడ్డాయి, ఇంటికొచ్చేశాను.

అధికారులు పీకాలి, లేదా ఊరు మొత్తం వంతులు వేసుకుని చూసుకోవాలి. రెండూ లేకుండా ఒట్టి మాట మీద నడిపించాను. నడిచింది అన్న ఒక్కడే.

మార్చి 17

లింబాద్రి సార్ ఆగి మరీ చెప్పాడు. ఆదివారం ఇందల్వాయి వైపు రైతుల సభ ఉందట. మీ ఊరి ఆదర్శం గురించి మీరే మాట్లాడాలి మేడం అని. వెటకారం కాదు, నిజంగానే. అదే ఎక్కువ బాధ.

చూస్తానన్నాను.

మార్చి 20, శుక్రవారం

సెలవు పెట్టి ఊరికి పోయాను. సంచిలో డబ్బా, టవల్‌లో చుట్టి. తెచ్చి అన్న ముందు పెట్టాను. పెట్టేయి అన్నా. నేనే చెప్తున్నా. పై మడి అయినా మిగులుతుంది.

ముట్టలేదు. "పెట్ట."

ఎందుకు?

"నేను గూడ వెడితే ఇగ అందరం ఒక్కటే. గిప్పుడు గంగారాం నా పొలం కాడికెళ్లి నడుస్తలేడు, సుట్టు దిరిగి పోతుండు. గా సిగ్గన్న ఉండనీ ఊర్ల."

సిగ్గు తిని బతుకుతామా అన్నాను. అప్పుడు అరిచాడు, నా జన్మలో మొదటిసారి. "నీకేంది! నీకు గది పాఠం. నాకు పంట. పీకుమన్నవ్, పీకిన. పెట్టుమంటున్నవ్. రేపింకేమంటవ్?"

వదిన వచ్చి మధ్యలో నిలబడింది. అన్న తల పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత, మెల్లగా — "ఆదివారం ఏడనో మీటింగ్ ఉన్నదన్నవ్ గదా. నేనొస్త. నా నోటితోని నేనే జెప్త. మాట మీద ఒక్కడు నిలబడితే ఏమైతదో సూడుండ్రి, నిలబడితే అందరు నిలబడుండ్రి, లేకుంటే చప్పట్లు గొట్టకుండ్రి అని."

నేను ఇన్నేళ్ల చదువుతో చెప్పలేనిది. రమ్మన్నాను.

బస్టాండ్ దాకా వదిన వచ్చింది. దారిలో నా సంచిలో చెయ్యి పెట్టి టవల్‌తో సహా డబ్బా తీసుకుని కొంగు కింద పెట్టుకుంది. "ఆదివారం ఆయన పొద్దుగాల్నే నీ కాడికెల్తడు. ఆయన మోటరు వత్తిపోయినంక మెకానిక్‌ను విల్సి పెట్టిపిస్త. ఒక్క దినమన్న నిండ పారనీ సునందా. పిల్లలు తినాలె గదా. నువ్వు ఊ అను, చాలు. నువ్వు ఊ అంటెనే."

ఊ అన్నాను.

మార్చి 21

అన్నతో చెప్పాలా? ఫోన్ చేతిలో పట్టుకుని పొద్దంతా తిరిగాను.

చెప్తే పంట పోతుంది. చెప్పకపోతే, నేనొక్కణ్నే పెట్టలేదని రేపు అంత మంది ముందు అంటాడు. అబద్ధం అని తెలియకుండా. జీవితంలో ఒక్క అబద్ధమాడని మనిషి. ఆ అబద్ధం నాది, నోరు ఆయనది.

ఒక్క "ఊ".

మార్చి 22, ఆదివారం

పొద్దున్నే రాస్తున్నాను. సభ పదింటికి.

అన్న బస్సులో ఉన్నాడు. ఫోన్ చేశాడు — "తెల్లంగి ఏసుకొచ్చిన చెల్లె, మంచిగున్నదో లేదో సూసి చెప్పు." గొంతులో ఉషారు. చాలా రోజులైంది ఆ గొంతు విని. చెప్పబోయాను. బోధన్ దాటినమని, సిగ్నల్ పోతదని పెట్టేశాడు.

వదిన మిస్డ్ కాల్. పెట్టించేసినట్టుంది.

ఇంటికి రాగానే చెప్తాను. చాయ్ ఇచ్చి చెప్తాను. లేదు, ఇందల్వాయి పోయే దారిలో. లేదా సభలో ముందు నేనే లేచి... ముందు నేనే లేచి ఏమని?

గేటు చప్పుడు. అన్నే. చెప్పులు విడుస్తున్నాడు. గడ్డం గీసుకున్నాడు, చంటిపిల్లాడిలా ఉన్నాడు. లోపలికి వస్తూనే ఫ్యాను వైపు చూస్తున్నాడు.

"గిక్కడ కరెంటున్నదా చెల్లె? నేనెల్లేటప్పుడు ఊర్ల పోయింది. ఈపాటికి అచ్చే ఉంటది."