అమ్మ కదిలే రీలు

చిట్టి చెల్లికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం అని రాయడం అలవాటు కాబట్టి రాశాను. చివరిదాకా చదివాక నమ్ము.

నిన్నటిది మామూలు పొద్దునే. పొయ్యి మీద పాలు పెట్టి ప్రార్థన ముగించుకునేసరికి, ముందుగదిలో చేత్తో తిప్పే ఆ పాత ప్రొజెక్టరు మూత తీసిన చప్పుడైంది. నాన్న స్నానం చేసి, తల దువ్వుకుని, పెళ్ళికొడుకులా కూర్చున్నారు.

"అమ్మాయీ, కిటికీలు మూసెయ్. మీ అమ్మని చూడాలి" అన్నారు.

రీలు డబ్బా తెరవగానే పులిసిన వాసన గుప్పుమంది. గాలి తగిలితే పాడవుతుందని ఏటా కొత్త ప్లాస్టిక్ కవరు చుట్టి, టేపు అంటించేవారు కదా. తర్వాత ఇక్కడి ఫోటో స్టూడియో ఆయనకి ఫోన్ చేస్తే, "ఫిల్ములోంచి ఆవిరి బయటికి పోవాలమ్మా, బిగించేస్తే అదే దాన్ని తినేస్తుంది" అన్నాడు. ప్రాణంలా చూసుకుని ప్రాణం మీదికి తెచ్చాం.

అందులో ఏముందని అడిగావు. అమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తుంటుంది. నువ్వు అమ్మ చంకలో ఉన్నావు, పాలపళ్ళు కూడా రాలేదు. పిన్ని ఫోటోకి నిలబడ్డట్టు బిగుసుకుపోతే, "కదలవమ్మా, ఇది సినిమా!" అని నాన్న అరిచారు. అమ్మ నవ్వాపుకోలేక తడి తువ్వాలు ఆయన మీదికి విసిరింది. బొమ్మంతా ఊగిపోతుంది. రీలు కడిగించుకొచ్చిన రోజు అందరం నేలమీద కూర్చుని మళ్ళీ మళ్ళీ వేయించుకున్నాం. ఇప్పుడు కడిగేవాళ్ళే లేరు. అమ్మ కదలడం ఇంకే రీల్లోనూ లేదు. నీకు ఊహ రాకముందే అమ్మ పోయింది, ఆ తర్వాత నాన్న ఆ రీలు మళ్ళీ వేయనేలేదు. నీకు ఆమె దొరికేది అందులోనే.

నాన్న రీలు ఎక్కించారు. కుంచించుకుపోయిన ఫిల్ము ప్రొజెక్టరు చక్రం పళ్ళకి పట్టలేదు. టప్పున తెగింది.

నాన్న ఎందుకు రాయడం లేదని ప్రతి ఉత్తరంలో అడుగుతున్నావు. "దానికి చెప్పకు, హడలిపోతుంది" అని నా నోరు కట్టేశారు. ఎడమకన్ను పోయింది. నరం ఎండిపోతోందట, ఆపరేషన్‌తో వచ్చేది కాదట. కుడికన్ను బాగుందనే అనుకున్నాను. కానీ చెల్లీ, ఫిల్ము తెగి నేలమీద పడ్డాక కూడా ఆయన చెయ్యి తిప్పుతూనే ఉంది. గోడమీద ఉత్త తెల్లటి వెలుగు. "వచ్చిందా మీ అమ్మ?" అని అడిగారు. ఫిల్ము తెగింది నాన్నా అని చెప్పి ఆ చెయ్యి పట్టుకున్నాను.

సాయంత్రం తమ్ముడు పనినుంచి వచ్చాక ముగ్గురం కూర్చున్నాం. ఫిల్మును పళ్ళకి తగిలించకుండా ఒక్కో బొమ్మే ఫోటో తీసి కంప్యూటర్లోకి ఎక్కించేవాళ్ళు మీ ఊళ్ళో ఉన్నారని స్టూడియో ఆయన చెప్పాడు. ఎంత మిగిలిందో చెప్పలేరట. వారాలు పడుతుందట. అప్పటికి నాన్న చూపు ఉంటుందో లేదో.

"పోతే పోనీ నాన్నా, అతికించి ఇప్పుడే ఒక్కసారి వేసేద్దాం. మీరు చూడండి" అన్నాడు తమ్ముడు.

నాన్న డబ్బా దగ్గరికి లాక్కున్నారు. "నోర్ముయ్‌రా. ఆమెతో కాపురం చేసినవాణ్ణి, నాకు సినిమా ఎందుకు? చిన్నది చూడలేదు" అన్నారు.

రేపు తమ్ముడు ఈ ఉత్తరంతోనే మీ ఊరికి బయలుదేరుతున్నాడు. కవరు తీసేసి, అట్టపెట్టెలో, ఒళ్ళో పెట్టుకుని తెస్తాడు. ముందు నువ్వే చూడాలన్నది నాన్న షరతు. చూసి ఫోన్‌లో ఆయనకి చెప్పాలి: అమ్మ ఏ పక్కకి తిరిగింది, ఎప్పుడు నవ్వింది. ఏమీ మిగలకపోతే ఆ మాటే చెప్పాలి, కల్పించకూడదు. దీనికి ముగ్గురం ఒప్పుకున్నాం.

ఇట్లు,
నాన్న చూపూ, అమ్మ బొమ్మా, ఆ రెండు దీపాలూ నిలవాలని మొక్కుకుంటూ,
మీ పెద్దక్క