ధనుష్కోటి నుంచి తాండూరు దాకా

కొలంబో,
1958 జనవరి

ప్రియమైన నాయినకు, రాధ వ్రాయునది.

నర్సుల సభ బాగా జరిగింది. మన వికారాబాద్ దవాఖాన నుంచి నాతో వచ్చిన కొండమ్మ తిరుగు ప్రయాణమైంది. నేను మాత్రం జ్వరం వల్ల ఆగిపోయాను. ఇక్కడి దవాఖానలోనే పడుకోబెట్టారు. ఇన్నేళ్లు అందరి నోట్లో థర్మామీటరు పెట్టినదాన్ని, ఇప్పుడు నా నోట్లో పెడుతుంటే నవ్వొస్తుంది.

సముద్రం గురించి చెప్పాలి. వానకాలంలో మన కాగ్నా నది నిండితేనే వంతెన మీద నిలబడి నోరు తెరిచి చూసేదాన్ని. ఇక్కడ ఎటు చూసినా అవతలి ఒడ్డన్నది లేదు. ఓడ కదులుతుంటే నీళ్లు మొదట పచ్చగా, తర్వాత నీలంగా, మధ్యాహ్నానికి చూడలేనంత తెల్లగా కనిపించాయి. కొండమ్మ దారి పొడుగునా కళ్లు మూసుకొని ప్రార్థన చేస్తూనే ఉంది. నేను కమ్మీ పట్టుకొని నిలబడే వచ్చాను.

తొందరలోనే లేచి వస్తాను. అమ్మకు జ్వరం సంగతి చెప్పకు. ఊరికే పరేషాన్ అవుతుంది.

నీ ప్రేమగల బిడ్డ
రాధమ్మ


తాండూరు,
ఫిబ్రవరి

ప్రియమైన బిడ్డ రాధమ్మకు నాయిన దీవించి వ్రాయునది.

ఉత్తరం అందింది. సముద్రానికి అంత చోటిచ్చి జ్వరానికి రెండు మాటలే వ్రాశావు. అప్పుడే నా మనసులో ఏదో మెదిలింది.

ఆ మర్నాడు మన స్టేషన్ పార్సిల్ ఆఫీసులో కందుల బస్తాలు తూకం వేయిస్తున్నాను. కొండమ్మ రైలు దిగి నా దగ్గరికి వచ్చింది. వికారాబాద్ పోవలసిన పిల్ల ఇక్కడెందుకు దిగిందా అనుకున్నాను.

"కాకా, రాధ ఉత్తరంల ఏం రాసింది?" అని అడిగింది.

"జ్వరమని రాసింది."

కొండమ్మ తల వంచుకుంది. "నాతోని వద్దామని మంచం దిగింది కాకా. కాళ్లు నిలబడలే. అక్కడనే కూలబడ్డది. మీకు చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకున్నది. నేను ఒట్టు తప్పిన."

అప్పుడే మీ అమ్మ నాకు సద్ది తెచ్చి తలుపు దగ్గర నిలబడి ఉంది. అంతా విన్నది. ఏడుస్తుందనుకున్నాను. సద్దిగిన్నె కింద పెట్టి, "నాకు చెప్పొద్దన్నదా? గీ పిల్ల ఇంకా మనల్నే సముదాయిస్తున్నదా?" అన్నది, అంతే.

ఉన్నది ఉన్నట్టు వ్రాయి తల్లీ. డాక్టరు ఏమన్నాడో ఆ మాటే వ్రాయి. తెలిస్తే ఏదో ఒకటి చేస్తాం. తెలియకపోతే కూర్చొని ఫికర్ పడటం తప్ప ఏం చేయగలం?

నీ నాయిన
అనంతయ్య


కొలంబో,
ఫిబ్రవరి

ప్రియమైన నాయినకు,

కొండమ్మ మీద నాకు కోపం లేదు. ఎవరైనా చెప్పేస్తే బాగుండునని నాకూ ఉండింది.

జ్వరం తగ్గిన తర్వాత అరికాళ్లు తిమ్మిరెక్కాయి. అది మెల్లగా నడుము దాకా పాకింది. ఊపిరికి అడ్డం వస్తుందేమోనని నా పక్కనే ఒక నర్సును కూర్చోబెట్టారు. ఆ గండం గడిచింది. చేతులు బాగానే ఉన్నాయి, ఈ ఉత్తరం నేనే వ్రాస్తున్నాను. నడుము కిందికి మాత్రం గిల్లినా తెలియదు. నరాలకు వాపు వచ్చిందట. "కొందరికి తిరిగి వస్తుంది, కొందరికి రాదు. ముందుగా చెప్పలేను" అన్నాడు డాక్టరు. నర్సును కదా, ఆ మాట నేనూ చాలామందికి చెప్పాను. వినడం ఎంత కష్టమో ఇప్పుడు తెలిసింది.

ఇక రావడం సంగతి. విమానంలో పడుకోబెట్టి పంపాలంటే సీట్లు తీసేయాలట. అది మనవంటి వాళ్లకయ్యే పని కాదు. ఓడ వాళ్లేమో, పక్కన నర్సు ఉండాలి, ధనుష్కోటిలో అప్పజెప్పుకునే మనిషి ఉండాలి, లేకుంటే ఎక్కించుకోం అంటున్నారు. అక్కడి నుంచి మద్రాసు, మద్రాసు నుంచి వాడి జంక్షన్, వాడి నుంచి మన బండి. ఎన్నిచోట్ల దించాలి, ఎన్నిచోట్ల ఎక్కించాలి.

అందుకే ఇక్కడే ఉండిపోతాను నాయినా. కూర్చొని కట్లు చుట్టే పని ఇస్తామని ఇక్కడి పెద్ద నర్సమ్మ అన్నది. ఒకవేళ తీసుకొచ్చినా నన్ను తాండూరులో దించకు. వికారాబాద్ దవాఖానకే తీసుకుపో. మన స్టేషన్‌లో కిటికీ చెక్క దించి మూసి ఉంచు. నేను పరుగెత్తి తిరిగిన ప్లాట్‌ఫారం అది. అక్కడ ఎవరూ నన్నిలా చూడొద్దు.

రాధమ్మ


తాండూరు,
మార్చి

ప్రియమైన బిడ్డకు,

ఉండిపోతానన్న మాట మీ అమ్మకు చదివి వినిపించలేదు. నేనూ చదవలేదనే అనుకో.

ఇప్పుడు నేను చెప్పేది విను. వికారాబాద్ వెళ్లి మీ డాక్టరమ్మను కలిశాను. ఇది అంటుజబ్బు కాదని, నిన్ను తమ దవాఖానలో చేర్చుకుంటామని అక్కడి డాక్టరుకు ఆమే వ్రాసింది. కొలంబో నుంచి ఆమెకు జవాబు కూడా వచ్చింది. అక్కడి నర్సు ఒకామె తన అక్క కాన్పుకు మధురై వస్తున్నదట, ఓడలో నిన్ను కనిపెట్టుకొని వస్తానని ఒప్పుకున్నదట. మా స్టేషన్ మాస్టరు సుధాకర్ గారు మద్రాసుకు తంతి కొట్టి, రైలులో ఇద్దరు పడుకునే చిన్న పెట్టె ఒకటి మన కోసం పట్టించారు. ధనుష్కోటికి నేనే వస్తున్నాను. రాయచూరు దాటి ఎరగనివాణ్ణి, అయినా రైలు పట్టాలు ఎక్కడైనా పట్టాలే కదా.

దవాఖాన స్ట్రెచర్ పెట్టె తలుపులో తిరగదని నాకు అనుమానం వచ్చింది. వడ్రంగి జంగప్పతో సన్నని చెక్క పలక చేయించి, పట్టీలు కుట్టించాను. యార్డులో ఖాళీ పెట్టె నిలిచి ఉంటే, మీ అమ్మను పలక మీద పడుకోబెట్టి ఎక్కించి చూశాం. "జర నిమ్మలంగ. నేనేమన్న జొన్నల బస్తానా?" అని అరిచింది. హమాలీలు నవ్వారు. తర్వాత ఆమే, "ఇంకోసారి ఎక్కించుండ్రి. మలుపు దగ్గర తల తగులుతున్నది, పిల్లకు తగలొద్దు" అన్నది. తగలకుండా వచ్చేదాకా మళ్లీ మళ్లీ ఎక్కింది, దిగింది.

కిటికీ నువ్వు చెప్పినట్టే దించి ఉంచుతాను.

నీ నాయిన
అనంతయ్య


వికారాబాద్ దవాఖాన,
ఏప్రిల్

ప్రియమైన నాయినకు,

నువ్వు నన్ను ఇక్కడ దించి డ్యూటీకి వెళ్లిన తర్వాత రోజంతా నిద్రపోయాను. లేచాక పక్క మంచం ఆమె బుగ్గమ్మ తన మనుమరాలితో మన తెలుగులో కొట్లాడుతుంటే విని, ఇల్లు చేరానని అప్పుడు నమ్మాను.

దారిలో నీతో చెప్పలేనివి ఇప్పుడు వ్రాస్తున్నాను.

ధనుష్కోటిలో నన్ను ఓడ నుంచి దించినప్పుడు నువ్వు లేవు. పట్టాల మీద ఇసుక పేరుకొని మీ బండి ఆగిపోయిందని మాకు తెలియదు. అప్పజెప్పుకునే మనిషి లేకుంటే తిరిగి ఓడెక్కించాలని అక్కడి ఆఫీసరు అన్నాడు. నాతో వచ్చిన నర్సు తన మధురై బండి వదులుకొని నా పక్కనే కూర్చుంది. "మీ నాన్న రాకుంటే?" అని అడిగింది. నేను పట్టాల వైపే చూస్తున్నాను. కొంతసేపటికి ఇసుకలో ఒక మనిషి చెక్క పలక నెత్తిన పెట్టుకొని, చెప్పులు చేతిలో పట్టుకొని పరుగెత్తుతూ కనిపించాడు. నీ తలపాగా ఊడి వెనక ఈడ్చుకుంటూ వస్తున్నది. నాయినా, నువ్వు పరుగెత్తడం నేను అదే మొదటిసారి చూడటం.

ఇక తాండూరు. నువ్వు దిగావు. కిటికీ దించే ఉంది. బయట అమ్మ గొంతు వినిపించింది.

"గీ పెట్టేనా?"

"గిదే. కిటికీ తెరవొద్దన్నది."

"తెరవకు. బండి పొయ్యేదాక గీ చెక్క మీద చెయ్యి పెట్టి నిలబడ్త. గది చాలు నాకు."

ఆ మాట విన్నాక పడుకోలేకపోయాను. కిటికీ నా కాళ్ల వైపు ఉంది, చెయ్యి అందదు. అందుకే నిన్ను పిలిచి తెరవమన్నాను.

అమ్మ, పక్కింటి శాంతవ్వ, హమాలీలు నిలబడి ఉన్నారు. ఎవరూ జాలిగా చూడలేదు. "సన్నగైనవ్ బిడ్డా. సముద్రపు నీళ్లు పడనట్టున్నది" అన్నది శాంతవ్వ. అమ్మ లోపలికి చెయ్యి చాపి నా పాదం పట్టుకుంది.

నాయినా, నాకు తెలిసింది. అమ్మ గాజు చల్లగా తగిలింది. ఎడమ పాదానికి, వేళ్ల దగ్గర.

అప్పుడే చెప్పాలనుకున్నాను. ఒట్టి భ్రమేమో, మిమ్మల్ని ఆశపెట్టి ఏడిపిస్తానేమోనని ఊరుకున్నాను. ఇక్కడికి వచ్చాక డాక్టరమ్మకు చెప్పాను. ఆమె నా కళ్లకు గుడ్డ కట్టి, సూదితో తాకుతూ ఎక్కడో చెప్పమన్నది. ఎడమ పాదం ప్రతిసారీ చెప్పగలిగాను. ఈ ఉదయం బొటనవేలు కదిలింది. బుగ్గమ్మ కూడా చూసింది.

రాధ


తాండూరు,
ఏప్రిల్

ప్రియమైన బిడ్డకు,

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. గాజు దగ్గరికి రాగానే, "ఆగు" అన్నది. చేతికి ఉన్న గాజులు చూసుకుంటూ కూర్చుంది. తర్వాత, "మల్ల చదువు" అన్నది. అట్లా చీకటి పడేదాకా నాతో చదివించింది. ఇప్పుడు ఆ ఉత్తరం నాకు చూడకుండా వచ్చు.

ఇంట్లో కూర పొయ్యి మీద మాడిపోయింది. మాడిన కూరే తిన్నాం. బాగుంది.

నాయిన


వికారాబాద్,
ఆగస్టు

ప్రియమైన నాయినకు, అమ్మకు,

ముందు గోడ పట్టుకొని, తర్వాత కర్ర పట్టుకొని, మొన్నటి నుంచి ఒట్టి చేతులతో వార్డు ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తున్నాను. కుడి కాలు ఇంకా కొంచెం ఈడుస్తున్నది. అదీ వస్తుందట. వచ్చే నెల నుంచి పిల్లల వార్డులో పని చేయమన్నారు. అలసిపోతే కూర్చోవడానికి కుర్చీ వేస్తారట. బుగ్గమ్మ ఇంటికి పోయింది. పోతూ పోతూ నన్ను నడిపించి చూసుకొని మరీ పోయింది.

ఆదివారం గుడిలో ప్రార్థన అయ్యాక బండి ఎక్కి తాండూరు వస్తున్నాను. కొండమ్మ తోడొస్తానన్నది, వద్దన్నాను.

నాయినా, స్టేషన్‌లోనే ఉంటావు కనుక ప్లాట్‌ఫారం మీదికి వస్తావని తెలుసు. అమ్మను కూడా తీసుకురా. కానీ ఇద్దరూ జర దూరంగా నిలబడండి, చెయ్యి అందించకండి. నేను దిగడానికి కొంచెం ఆలస్యమవుతుంది. బండి కదిలిస్తాడేమో, గార్డుకు ఆ మాట చెప్పి ఉంచు.

మీ
రాధ