కిటికీ కింద మడతబల్ల

ఏమేవ్,

ఇక్కడ నేనూ, అమ్మాయీ బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, మీ అన్నయ్యా, వదినా బాగున్నారని తలుస్తాను. కాలి నొప్పి తగ్గిందని రాశావు. ఇలాంటి విషయాల్లో నువ్వు రాసినదాంట్లో సగమే నమ్ముతాను. ఆ సగానికే నాకు ప్రాణం లేచొచ్చింది.

నువ్వడిగినవాటికి వరసగా జవాబు చెబుతాను. అమ్మాయికి జ్వరం తగ్గింది. అల్మారా చేయించుకున్న టీచరమ్మకు తలుపులు నచ్చాయి గానీ, "ఇది మీ ఆవిడ పెట్టిన పాలిష్‌లా లేదే" అని మొహం మీదే అనేసింది. కాదని ఎలా అనను? నా చేతిలో పాలిష్ మెరవదు, మరకలు కడుతుంది.

ఇక మా నాన్న బల్ల సంగతి. "అంత బల్లని ఎందుకు కోశారు? మతి గానీ పోయిందా?" అని కడిగేశావు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అది కొట్టు మధ్యలో బైఠాయించి ఉంది. దాని చుట్టూ మనమే ఒదిగి తిరిగాం. పొడుగు చెక్క వస్తే ఒక కొసని వీధిలోకి పెట్టి చిత్రిక పట్టేవాణ్ణి. ఇప్పుడు చోటు కావాల్సొచ్చింది, కోసేశాను. రంపం ఆడుతుంటే ఏడుపొచ్చింది, నీ దగ్గర దాచడమెందుకు. పైచెక్క మాత్రం పారేయలేదు. దాంతోనే గోడకి మడతపడే బల్ల చేశాను.

మొదట పైకి మడిచేలా కట్టాను. కాళ్లు లోపలికి ముడుచుకుని, చెక్క గోడకి అతుక్కుపోతుంది. కొక్కెం వేస్తే కదలదు. నా పనికి నేనే మురిసిపోయి అమ్మాయిని పిలిచాను. అది ఖాళీ అయిన చోట కింద కూర్చుని అటూ ఇటూ చూసి, "బాగుంది నాన్నా, మరి కిటికీ ఏది?" అంది. చూద్దును కదా, వీధివైపున్న ఒక్క కిటికీనీ బల్ల మూసేసింది! ఇన్నేళ్లూ ఆ కిటికీని వెలుతురు కోసమే వాడుకున్నాను. దాంట్లోంచి బయటికి చూసే మనిషి ఒకరు ఉంటారని తట్టలేదు. మడతబందులన్నీ అప్పుడే ఊడదీశాను.

ఇప్పుడు బల్ల కిటికీ కింద, గోడకి ఆనుకుని కిందికి వేలాడుతుంది. పనప్పుడు పైకెత్తి, తలుపు రెక్కల్లా రెండు కాళ్లు బయటికి తిప్పితే నిలబడుతుంది. చిత్రిక పడుతుంటే మొదట్లో ఊగింది. ఒక్కో కాలికీ ఏటవాలుగా ఒక కర్ర కొట్టాక కుదురుకుంది. ఒక్కటే చిక్కు, కిటికీకి అడ్డం రాకూడదంటే ఎత్తు తగ్గించక తప్పలేదు. నేను నడుం వంచి పని చెయ్యాలి. కుర్చీలో కూర్చున్న మనిషికైతే సరిగ్గా మోచేతి ఎత్తున వస్తుంది.

నువ్వు పదే పదే అడుగుతున్నా నేను దాటేస్తున్న ప్రశ్న ఒకటి మిగిలింది. కొట్టు మీది మన గదులకి వెళ్లే మెట్లకి పట్టుకోవడానికి కర్ర పెట్టానా లేదా అని. పెట్టలేదు. వడ్రంగినై ఉండి ఒక పూట పనికి ఇన్ని సాకులు చెప్పానంటే నీకు అనుమానం వచ్చే ఉంటుంది. పోయినసారి నేనొచ్చినప్పుడు డాక్టరుగారు నన్ను వరండాలోకి పిలిచి, "ఆవిడ నడుస్తారండీ. మెట్లు మాత్రం ఇక ఎక్కలేరు. ఆశ పెట్టుకోకండి" అన్నారు. మీ అన్నయ్యకీ తెలుసు. నీకు చెప్పొద్దని ఆయన చేత ఒట్టు వేయించుకుంది నేనే. ఆయన్ని ఏమీ అనకు, తిట్టాలంటే నన్ను తిట్టు.

చెప్పడానికి నోరు రాలేదే. "నా అంతట నేను మెట్లెక్కిన రోజే ఇంటికొస్తాను, ఎవరిచేతా మోయించుకోను" అని పంతం పట్టి కూర్చున్నావు. నీ పంతం నాకు తెలియనిదా? దానికి కట్టుబడ్డావంటే ఇక రావు. ఆ మాట తలుచుకుంటేనే నాకు భయమేస్తోంది. అందుకే బల్ల కోశాను. సాయంత్రం పని కాగానే బల్ల మడిస్తే, ఆ చోట కిటికీ పక్కన నీ మంచం పడుతుంది. వంట కూడా వెనక వసారాలోకి దించాం. గిన్నెలు అమ్మాయే సర్దింది. నిన్నెవరూ పైకి మోయరు, మేమే కిందికి దిగాం. పై గదుల్లో చెక్క ఆరబెట్టుకుంటున్నాను.

నువ్వడిగిన కర్ర కూడా చేశాను, నువ్వు దాచమన్న టేకుతోనే. మెట్లకి కాదు. నీ మంచం దగ్గర మొదలై గోడ వెంబడి వసారా దాకా వెళ్తుంది. ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది పెట్టాను, చేతికి ఎక్కడా పేడు గుచ్చుకోదు. బల్ల దగ్గర నీ కుర్చీ వేసి ఉంచాను. ఎప్పుడు రమ్మంటావో రాయి, నేనే వచ్చి తీసుకొస్తాను.

కర్రకి పాలిష్ మాత్రం పెట్టలేదు. నేను పెడితే మరకలు కడుతుంది.

ఇట్లు,
అమ్మాయి వాళ్ల నాన్న