నడిమి పేజీల్లో ఖాళీ వరస

నాయనా,

నీ సంవత్సరీకం నెల సంచికలో మన పత్రిక నడిమి పేజీలు రెండూ మార్చేశాను. పెన్సిలుతో నిలువు గీతలు గీసి ఆరు వరసలు చేశాను. చంద్రగిరి కోట ఫోటోకు మూడు, వ్యాసానికి రెండు, చివరిది పూర్తిగా ఖాళీ. శీర్షికలకు ఒకటే రకం అక్షరాలు, నీలాగా ఐదు రకాలు కాదు.

వేలెడు జాగా మిగిలినా నువ్వు పువ్వు బొమ్మ చెక్కిన అచ్చు బ్లాకు ఇరికించేవాడివి. "తెల్లకాగితానికి చందా ఎవురు కడతారే?" అనేవాడివి.

కంపోజిటర్ మస్తాన్ ప్రూఫు చూసి, "ఈడ ఖాళీగా ఉండాది పాపా. అయ్య ఉంటే ఒప్పుకుంటాడా?" అన్నాడు.

"ఒప్పుకోడు. అట్లే ఉండనీ," అన్నాను.

ఈ ఉదయం పత్రిక అచ్చయి వచ్చింది. ఖాళీ వరస అడుగున నీ పువ్వు బ్లాకు.

"నేను పెట్టలా పాపా. అలవాటుకొద్దీ నా చెయ్యి పెట్టేసినాది," అన్నాడు మస్తాన్.

తిట్టబోయి మళ్లీ చూశాను. చుట్టూ ఖాళీ ఉండేసరికి, నీ పువ్వు మొదటిసారి పువ్వులా కనబడింది.